పలు కాయకములు, ఒకే పంక్తి



పదిమంది కూడి పనిచేయు చోట పదిమందియు ఒకే తీరున నుండరు. ఒకడు మాటకారి, ఒకడు మౌని. ఒకని ఇంటి భాష తెలుగు, ఒకనిది కన్నడము, వేరొకనిది ఒడియా. ఒకడు లింగధారి, ఒకడు నమాజు చేయువాడు, ఒకడు ఆదివారము చర్చికి పోవువాడు. పురుషులు కలరు, స్త్రీలు కలరు. కన్ను కాలు చక్కగా నున్నవారు కలరు, లేనివారును కలరు. దుకాణమైనను, మిల్లయినను, బ్యాంకైనను, పాఠశాలయైనను, చివరకు మఠమైనను ఈ మాట సత్యమే. ఇట్టి భిన్నత్వమును యజమాని యెట్లు చూడవలయును? భరింపవలసిన బరువుగనా, లేక కాపాడుకొనవలసిన సంపదగనా? నిర్వహణశాస్త్రము బోధించు విద్యాలయములు నేడు ఈ ప్రశ్నను పెద్ద ప్రశ్నగా నెంచి చర్చించుచున్నవి. కల్యాణపట్టణమున 12వ శతాబ్దిలో శరణులు దీనికొక సమాధానము చెప్పిరి. చెప్పి యూరకొనక దానిని ఆచరించి చూపిరి. దానికై కొందరు ప్రాణములను సైతము అర్పించిరి.

ఆ సమాధానము వినుటకు సులభము, నడచుటకు కష్టము. తనకంటె వేరైనవానికి లోపల చోటిచ్చుట మొదటి మెట్టు మాత్రమే. చోటిచ్చిన పిదప, అతడు చెప్పిన న్యాయమైన మాటకు తాను కట్టుబడుట రెండవ మెట్టు. మొదటి మెట్టుననే నిలిచిపోయినవాడు దాత యనిపించుకొనును గాని శరణు డనిపించుకొనడు. బసవేశ్వరుని పేరు తలచుకొను ప్రతి కుటుంబమును, ప్రతి మఠమును తాను ఏ మెట్టుమీద నున్నదో చూచుకొనవలసియున్నది.

కల్యాణమున కూడినవారు

బసవేశ్వరుడు బాగేవాడిలో జన్మించి, కూడలసంగమమున విద్య నభ్యసించి, కలచురి ప్రభువైన బిజ్జలుని కొలువున భండారియై కల్యాణమున నివసించెను. నాటి కల్యాణము నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలో బసవకల్యాణ మను పేరుతో నున్నది. జహీరాబాదు ప్రాంతమువారికి అది పొరుగూరి వంటిదే. ఆ పట్టణమునకు నలుదిక్కుల నుండి శరణులు వచ్చి చేరిరి. హరళయ్య చెప్పులు కుట్టువాడు. డోహర కక్కయ్య తోళ్ళు పదును చేయువాడు. మడివాళ మాచయ్య బట్టలు ఉతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనువాడు. మేదర కేతయ్య వెదురు చీల్చి బుట్టలు అల్లువాడు. తురుగాహి రామణ్ణ పసులను కాచువాడు. హడపద అప్పణ్ణ తాంబూలపు సంచి పట్టువాడై బసవేశ్వరునికి ఆంతరంగికుడుగా మెలగినవాడు. మోళిగె మారయ్య కట్టెలు కొట్టి అమ్ముకొనువాడు. అతడు కాశ్మీరదేశమున రాజై యుండి రాజ్యమును విడిచి వచ్చెనని సంప్రదాయము చెప్పును. మధువరసు బ్రాహ్మణ కులమున పుట్టి రాజకార్యములు నడిపినవాడు.

స్త్రీలును తక్కువగా లేరు. సత్యక్క వాకిళ్ళు ఊడ్చునది. కదిరె రెమ్మవ్వ రాట్నముపై నూలు వడకునది. కొట్టణద సోమమ్మ వడ్లు దంచునది. సంకవ్వ వేశ్యావృత్తి నుండి వచ్చి శరణమార్గమున నిలిచినది. ఉడుతడి నుండి వచ్చిన అక్క మహాదేవి సంగతి చెప్పనక్కరలేదు. ముప్పదిమందికి పైగా స్త్రీలు వచనములను వ్రాసిరి. అంతమంది స్త్రీలు, అందులోను కాయకష్టము చేసికొని బ్రతుకు స్త్రీలు, ఒకే కాలమున ఒకే సభకు చెందినవారై తమ అనుభవమును తమ మాటలలో చెప్పుట అపూర్వమైన విషయము.

ఈ శరణులలో పలువురి చరిత్రలు తెలుగువారికి పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో రచించిన బసవపురాణము ద్వారా తెలిసినవి. ఆ ద్విపదకావ్యమునే భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. అనుభవమంటపపు సంవాదములను కూర్చిన శూన్యసంపాదనె 15వ శతాబ్దికి చెందినది. కాలక్రమమున భక్తుల ప్రేమ ఈ కథలకు ఎన్నో మహిమలను చేర్చియుండవచ్చును. అయినను శరణుల వచనములు నిలిచియున్నవి. విజాపురమున న్యాయవాదియైన ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి తాళపత్రములను వెదకి కూర్చి 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిన నాటి నుండి అవి లోకమునకు విరివిగా అందినవి. వాటిలో ఏ శరణుని చేతిలో ఏ పనిముట్టుండెనో నేటికిని కనబడుచునే యుండును.

ఎవరి ముద్ర వారిదే

కల్యాణమున ఇంతమంది కూడిరి గదా, కూడినవారందరు ఒకే మూసలో పోసిన బొమ్మలైరా? కాలేదు. ఇదియే మొదట గమనింపదగిన సంగతి. ప్రతి శరణుడును తన వచనమునకు తన అంకితమును ఉంచుకొనెను. బసవేశ్వరునిది కూడలసంగమదేవుడు, అల్లమప్రభువుది గుహేశ్వరుడు, అక్క మహాదేవిది చెన్నమల్లికార్జునుడు, మాచయ్యది కలిదేవరదేవుడు. చౌడయ్య ఏ దేవుని పేరును ముద్రగా పెట్టుకొనలేదు. పడవవాడైన తన పేరునే పెట్టుకొనెను. అందుకెవ్వరును అతనిని సభనుండి వెలివేయలేదు. అతని నాలుక మిక్కిలి పదునైనది. కపటభక్తులను అతడు తిట్టిన తిట్లు నేడు చదివినను వెగటు పుట్టించునంత ఘాటుగా నుండును. మృదుభాషియైన బసవేశ్వరుని ప్రక్కనే ఆ కటువైన గొంతునకును చోటుండెను.

శరణులు తమ ఉపమానములను సైతము తమ పని నుండియే తీసికొనిరి. రెమ్మవ్వ తన రాట్నపు అంగములను చూపి తత్త్వమును చెప్పెను. పడవవాడు దాటించుటను గూర్చి చెప్పెను. శాస్త్రపండితుని భాష నేర్చుకొని వచ్చిన తరువాతనే మాటాడుమని సభ వారిని ఆజ్ఞాపింపలేదు. చేతిపని నేర్పిన జ్ఞానము జ్ఞానమేనని అంగీకరించెను.

నేటి పనిచోటులలో ఈ అంగీకారము అరుదు. తాండూరు నాపరాతి గనిలో రాతిపొర ఎటు చీలునో చదువుకొన్న మేనేజరు కంటె రాయి కొట్టు కూలివానికి ఎక్కువ తెలియును. ఆదోని ప్రత్తి మార్కెట్టులో బోరెము మోయు హమాలీకి దూది చెమ్మ చేతికే తెలియును. ఆసుపత్రిలో రాత్రియంతయు రోగి ప్రక్కన మేల్కొన్న ఆయాకు రోగి ఊపిరిలోని మార్పు ముందుగా తెలియును. వారిని అడుగువారెవరు? అడిగినను, వారు తమ యాసలో, తమ తడబాటుతో చెప్పిన మాటను నవ్వకుండ వినువారెందరు? భిన్నులైనవారిని పనిలోకి తీసికొని, తీసికొన్న మరునాటి నుండి వారు తమవలెనే మాటాడవలయుననియు, తమవలెనే తలవలయుననియు కోరు యజమాని, సంతలో పది రకముల విత్తనములు కొని ఇంటికి వచ్చి అన్నిటిని కలిపి పిండి విసరిన రైతు వంటివాడు.

పీఠముపై నెవరు కూర్చుండిరి?

అనుభవమంటపమును నిలిపినవాడు బసవేశ్వరుడు. రాజ్యపు భండారము అతని చేతిలో నుండెను. మంటపమునకు వచ్చువారి అన్నపానములు అతని మహామనలో జరిగెను. లోకరీతిని బట్టి చూచినచో అధ్యక్షపీఠము అతనిదే కావలయును. కాని శూన్యసింహాసనముపై కూర్చుండినవాడు అల్లమప్రభువు. ఆయన మద్దెల వాయించు వృత్తి నుండి వచ్చినవాడని సంప్రదాయము. తరువాత ఆ పీఠము చెన్నబసవణ్ణకును, అటుపిమ్మట సొన్నలిగె సిద్ధరామునికిని సంక్రమించెనని చెప్పుదురు. స్థాపకుడు పీఠమును కోరలేదు. పైగా పీఠముపై నున్న అల్లమప్రభువు అడిగిన కఠినప్రశ్నలకు అందరివలెనే తానును సమాధానము చెప్పుకొనెను.

సంస్థను కట్టినవాడు సంస్థ తన సొత్తనుకొనుట సహజము. తాత పెట్టిన దుకాణమున మనుమడే గల్లాపెట్టె ముందు కూర్చుండును, అందు తప్పులేదు. కాని నూరుమంది పనిచేయు మిల్లులో, వేయిమంది చదువు కళాశాలలో, నిర్ణయము చేయు గదిలోనికి ఎన్ని తరములు గడచినను ఒకే ఇంటివారు, ఒకే కులమువారు, ఒకే ఊరివారు, పురుషులు మాత్రమే పోవుచున్నచో, ఆ గది గోడపై బసవేశ్వరుని పటము వ్రేలాడుటవలన ప్రయోజన మేమి? వేరైనవారు వాకిలి యొద్దను, గోదాములోను, వంటశాలలోను నిండుగా నుండి, లెక్క చూచు చోటను, సంతకము పెట్టు చోటను ఒక్కరును లేకున్నచో, ఆ సంస్థలో భిన్నత్వ మున్నదనుట మాటవరుసకే.

క్రిందివాడు తప్పు పట్టుట

శరణుల కథలలో ఈ విషయమున శిఖరమువంటిది ఆయ్దక్కి లక్కమ్మ కథ. ఆమె భర్త మారయ్య. వారు నేటి రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చిరి. రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వండి, జంగములకు పెట్టి, మిగిలినది తాము తినుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యమును తెచ్చెను. లక్కమ్మ చేటలో పోసి చూచి, ఇది అవసరమునకు మించినదని గ్రహించెను. ఆశ రాజులకుండవచ్చును గాని శివభక్తుల కుండరాదని చెప్పి, మిగులును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మారయ్య కోపింపలేదు. తాను పురుషుడననియు, ఆమె భార్య యనియు తలంపలేదు. మరల వెనుకకు పోయి పోసివచ్చెను.

ఇచట బుద్ధి చెప్పినది ఒక పేద స్త్రీ. బుద్ధి విన్నవాడు ఆమె భర్త. మరియు ఆ బియ్యము రాలినది బసవేశ్వరుని వాకిట. అనగా ఆమె మాట ఆ మహామన వాకిలి వరకును పోయినది. మిగులును వాకిట రాల్చు ఔదార్యము సైతము ఎదుటివాని కాయకనియమమును చెరుపగలదని తెలిపినది. ఆ మాట విని కల్యాణము ఆమెను దూరము చేయలేదు. ఆమె వచనములను పదిలపరచుకొనెను.

నులియ చందయ్య కథ ఇంకను కఠినమైనది. గడ్డి కోయుచుండగా అతని ఇష్టలింగము జారిపడెను. చందయ్య దానిని ఎత్తుకొనక తన పనిలో సాగిపోయెను. మడివాళ మాచయ్య ఇది విని అతనితో వాదమునకు దిగెను. బట్టలు ఉతుకు శరణుడు, త్రాళ్ళు పేను శరణుడు లింగమును గూర్చియు కాయకమును గూర్చియు వాదించుచుండగా పెద్దలు చెవియొగ్గి వినిరి. గురువైనను, లింగమైనను, జంగమమైనను కాయకము నుండి తప్పించుకొనుటకు వీలులేదని చందయ్య పట్టు. ఇష్టలింగమును ప్రాణముగా నెంచు సమాజమునకు ఇంతకంటె మ్రింగుడుపడని మాట వేరొకటి యుండునా? అయినను చందయ్యను ద్రోహి యని ఎవరును అనలేదు. అతని నిష్ఠలోని సత్యమును గుర్తించిరి.

ఈ రెండు కథల సారమొక్కటే. ఒక పనిచోట భిన్నత్వమునకు నిజముగా గౌరవమున్నదో లేదో తెలిసికొనుటకు ఒక పరీక్ష చాలును. అక్కడ అన్నిటికంటె తక్కువ జీతము తీసికొనువాడు అన్నిటికంటె ఎక్కువ జీతము తీసికొనువానితో “అయ్యా, ఇది తప్పు” అని చెప్పగలడా? చెప్పిన తరువాత మరుసటి నెల అతని ఉద్యోగ ముండునా? ఉండునని ధైర్యముగా చెప్పగలిగిన సంస్థ కల్యాణమునకు చేరువలో నున్నది.

పిలుపులోని సమానత్వము

బసవేశ్వరుడు తన వచనములలో మాదార చెన్నయ్యను తండ్రిగాను, డోహర కక్కయ్యను పెద్దలలో నొకనిగాను, కిన్నరి బొమ్మయ్యను అన్నగాను చెప్పుకొనెను. కరుణతో దగ్గరకు తీయుట వేరు, తానే వారి బిడ్డనని చెప్పుకొనుట వేరు. మొదటి దానిలో చెప్పువాడు పైననే యుండును. రెండవ దానిలో చెప్పువాడు క్రిందికి దిగివచ్చును. హరళయ్య ఒకనాడు వీధిలో “శరణు” అని నమస్కరింపగా, బసవేశ్వరుడు “శరణు శరణార్థి” యని రెండింతలుగా బదులు పలికెనని పెద్దలు చెప్పుదురు. ఆ అధికమైన శరణుభారమును మోయలేక హరళయ్య దంపతులు తమ తొడల చర్మముతో పాదుకలు చేసి తెచ్చిరనియు, బసవేశ్వరుడు వానిని తొడుగుకొనుటకు తాను తగనని శిరసున నుంచుకొనెననియు కథ. ఇందులోని మహిమను నమ్మినను నమ్మకున్నను, ఒక నమస్కారమునకు ఎంత బరువుండునో ఈ కథ చెప్పుచున్నది.

పనిచోట పిలుపు చిన్న విషయము కాదు. ఆఫీసరును “సార్” అనియు, ఇరువదియేండ్లు పెద్దవాడైన అటెండరును “ఒరేయ్” అనియు పిలుచు నోటితోనే సాయంకాలము వచనములు పాడినచో ఆ పాట ఎవరికి చేరును? ఊడ్చు స్త్రీని “అమ్మా” యని పిలిచి, ఆమె పేరు తెలిసికొని, పదిమందిలో ఆమె పేరుతో పలకరించుటకు పైకము ఖర్చు కాదు. అందరు కాఫీ త్రాగు కప్పులలోనే ఆమెకును కాఫీ యిచ్చుటకు పైకము ఖర్చు కాదు. అయినను నేటికిని కొన్ని చోట్ల ఆమె గ్లాసు కిటికీలో వేరుగా నుండుట కనబడుచున్నది. కులము అడుగలేదని తృప్తిపడు యజమాని ఆ కిటికీ వైపు ఒకసారి చూడవలయును.

వెల చెల్లించినవారు

భిన్నత్వమును మాటలతో మెచ్చుకొన్నంత కాలము కల్యాణమున రాజుకు కోపము రాలేదు. ఒకే సభలో కూర్చుండుటను, ఒకే పంక్తిని భుజించుటను సంప్రదాయవాదులు సణుగుచునే సహించిరి. బ్రాహ్మణ కులమునుండి వచ్చిన మధువరసు తన కుమార్తెను, చర్మకార వృత్తిలోని హరళయ్య కుమారునికిచ్చి వివాహము చేయగా మాత్రము కల్లోలము రేగెను. శరణుల దృష్టిలో ఇరువురును లింగధారులే. కులభేదము దీక్షతోనే పోయినది. రాజు దృష్టిలో అది వర్ణసంకరము. ఆ యిద్దరు తండ్రులకును ఘోరశిక్ష విధింపబడెను. కల్యాణము అట్టుడికెను. బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరై వచనముల కట్టలను మోసికొని తలయొక దిక్కునకు పోయిరి. ఇది 1167-68 ప్రాంతపు మాట.

ఏ యజమానికైనను ఇట్టి ఘడియ చిన్న రూపమున ఎదురగును. ఒక దళిత యువకుని సూపర్వైజరుగా నియమించినప్పుడు పాతవారు అతని క్రింద పనిచేయమని మొరాయింతురు. ఒక స్త్రీని శాఖాధికారిణిగా చేసినప్పుడు పరిహాసములు మొదలగును. అప్పుడు యజమాని “అందరికి ఇష్టము లేదు, ఏమి చేయుదును” అని వెనుకకు తగ్గినచో, అంతవరకు పలికిన సమతావాక్యములన్నియు నీటిమీది వ్రాతలే. నియమించిన నాడు కాదు, మొరాయింపు వచ్చిన నాడు అతని భక్తి తేటపడును.

చట్టము చేయగలిగినది, చేయలేనిది

1950 జనవరి 26 నుండి అమలులోనున్న భారత రాజ్యాంగము 16వ అధికరణమున ప్రభుత్వోద్యోగములలో సమానావకాశమును హామీ యిచ్చినది. 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. ఒకే విధమగు పనికి స్త్రీపురుషులకు సమాన వేతనము నీయవలయునని 1976లో పార్లమెంటు చట్టము చేసినది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టుటకు 2013లో వచ్చిన చట్టము, పదిమంది లేక అంతకు మించి పనిచేయు ప్రతి సంస్థయు ఒక అంతర్గత సంఘమును ఏర్పరచవలయుననియు, దాని కొక స్త్రీ అధ్యక్షత వహింపవలయుననియు, సభ్యులలో కనీసము సగము స్త్రీలుండవలయుననియు శాసించుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో వారికి కనీసము నూటికి 4 వంతులు కేటాయించినది.

ఇవన్నియు అవసరమే. చట్టము లేనిచో తలుపే తెరువని వారెందరో కలరు. కాని చట్టము తలుపు తెరిపింపగలదు. లోపల నున్నవారి ముఖమున చిరునవ్వు తెప్పింపలేదు. సంఘమున స్త్రీ పేరు వ్రాయించగలదు. ఆమె మాటాడునప్పుడు మిగిలినవారు గడియారము చూచుకొనకుండ చేయలేదు. మిగిలిన పని ధర్మముది.

రెండు ఆక్షేపణలు

“తనవాడైనచో నమ్మకముగా నుండును, పరాయివానికి గల్లాపెట్టె ఎట్లు అప్పగింతుము?” అని వ్యాపారకుటుంబములలో పెద్దలు తరచుగా అందురు. ఈ భయము బొత్తిగా నిరాధారమైనది కాదు. కష్టపడి కూడబెట్టినవానికి భయముండును. కాని శరణులు నమ్మకమునకు పునాది రక్తసంబంధమున వెదుకలేదు, సత్యశుద్ధమైన కాయకమున వెదకిరి. బసవేశ్వరుడంతటివానిపైననే భండారపు ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెములు పోయెను. ఆయన బంధుత్వమును గాని కీర్తిని గాని అడ్డుపెట్టుకొనక లెక్క చూచుకొమ్మని భండారమును తెరచి చూపెను. తెరచిన లెక్కపుస్తకము ఉన్నచోట తనవాడు, పరాయివాడు అను భేదమునకు పనిలేదు. లెక్క మూసియున్నచోట తనవాడే ఎక్కువ ముంచును. దీనికి ఉదాహరణములు ప్రతి ఊరిలోను కలవు.

రెండవ ఆక్షేపణ చదువుకొన్నవారిది. “మా కార్యాలయమున కులమతములను మేము చూడనే చూడము, అందరును సమానమే” అని వారందురు. శరణుని కులమడుగుట పాపమని శివాచారము చెప్పుచున్నది గనుక ఇది ధర్మముగనే తోచును. కాని తక్కువచేయుటకై కులమును అడుగరాదని శరణులు చెప్పిరేగాని, తక్కువైపోయినవాని బాధను చూడరాదని చెప్పలేదు. కాలులేనివానికి మెట్లమీద కార్యాలయమును పెట్టి, “మేము ఎవరి కాళ్ళనూ చూడము” అనుట సమత్వము కాదు. చంటిబిడ్డ తల్లిని రాత్రి డ్యూటీకి రమ్మని, “మాకు స్త్రీపురుష భేదము లేదు” అనుట న్యాయము కాదు. రంజాను నెలలో సూర్యాస్తమయమునకు ఉపవాసము విడువవలసినవానికి పది నిముషముల విరామము నీయక, “అందరికి ఒకే నియమము” అనుట ధర్మము కాదు. ఎవరికేది అవసరమో చూచి అందించుటయే దాసోహము. మహామనలో ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిరి. అందరికి సమానమని చెప్పి ఆకలి లేనివానికిని బలవంతముగా వడ్డింపలేదు.

అయితే ఇందొక హద్దు కలదు. చందయ్య చెప్పినట్లు కాయకము నుండి ఎవరికిని మినహాయింపు లేదు. భిన్నత్వమును సాకుగా చూపి పని ఎగగొట్టువానిని శరణధర్మము సమర్థింపదు. పనిచేయుటకు కావలసిన అనుకూలతను అడుగుట హక్కు. పని మానుటకు అనుమతి నడుగుట హక్కు కాదు. ఈ నియమము క్రిందివానికెంతయో పైవానికిని అంతే.

మఠములును, కుటుంబములును

తుమకూరు సిద్ధగంగామఠమున శ్రీ శివకుమార మహాస్వాములు 2019 జనవరి 21న లింగైక్యులగు వరకు, అన్ని కులములకు, మతములకు చెందిన వేలాది పేదపిల్లలు ఒకే కప్పు క్రింద నిదురించి, ఒకే పంక్తిని భుజించి చదువుకొనిరి. నేటికిని ఆ దాసోహము సాగుచున్నది. పిల్లల విషయమున సాధ్యమైనది ఉద్యోగుల విషయమున ఏల సాధ్యము కాదు? మఠములు, లింగాయత కుటుంబములు నడుపు పాఠశాలలు, కళాశాలలు, ఆసుపత్రులు, బ్యాంకులు ఎన్నో కలవు. బసవధర్మము పరీక్షింపబడు స్థలములు అవియే.

పరీక్ష బయటివారితో మొదలుపెట్టనక్కరలేదు. సమాజము లోపలనే జంగమ, బలిజ, పంచమసాలి, గాణిగ మొదలగు పేర్లతో గీతలున్నవి. ఒకే లింగమును ధరించినవారే సంబంధములకును, సంఘముల ఎన్నికలకును వచ్చునప్పటికి ఆ గీతలను వెదకికొందురు. ఆ గీతలను ఉద్యోగములకును, జీతములకును ప్రాకించినచో, హరళయ్య మధువరసుల త్యాగమునకు అర్థమేమి మిగులును?

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి వచ్చును. ఆనాడు పటమునకు పూలమాల వేయు యజమానులు తమ పనివారినందరిని కూర్చుండబెట్టుకొని, తాము వారి నడుమ క్రిందనే కూర్చుండి, కొన్ని సంగతులు విచారింపవచ్చును. ఒకే పనికి ఇద్దరికి వేరు వేరు జీతము లిచ్చుచున్నామా? నీళ్ళకుండ, మరుగుదొడ్డి, భోజనపు బల్ల అందరికిని ఒకటేనా? స్త్రీలకు తగిన వసతి కలదా? గత సంవత్సరము క్రిందివారు చెప్పిన ఏ ఒక్క మాటవలననైనను సంస్థ తన పద్ధతిని మార్చుకొన్నదా? చివరి ప్రశ్నకు జవాబు లేకున్నచో, ఆనాడే ఒక మాటను అడిగి, విని, మార్చుకొనుటతో వ్రతము నారంభింపవచ్చును. మొదటి సంవత్సరము ఎవరును నోరు విప్పకపోవచ్చును. ఎన్నో ఏండ్లుగా మూయించిన నోళ్ళు ఒక్క పూటలో విచ్చుకొనవు. రెండవ సంవత్సరము ఒకరు పలుకుదురు. ఆ ఒక్కరికి హాని జరుగలేదని తెలిసిన పిదప పదిమంది పలుకుదురు.

అట్లు పలికినవారిలో ఒక లక్కమ్మ యుండవచ్చును. చేటలోని మిగులును చూపి, ఇది తగదు, వెనుకకు పోసి రమ్మని ఆమె చెప్పవచ్చును. అప్పుడు మారయ్య వలె మారుపలుకక లేచి పోవువాడే శరణుడు.